పైతాన్ ఆర్‌ఈ మాడ్యూల్: లాగ్ ఫైళ్లకి సూపర్, తెలుగు దగ్గరే తిప్పలు

టెక్స్ట్‌లోంచి కావాల్సిన ముక్క లాగడానికి నేను రోజూ వాడేది పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే ఆర్‌ఈ మాడ్యూలే (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్, అంటే ఒక ప్యాటర్న్ రాసిచ్చి దానికి సరిపోయే ముక్కల్ని వెతికించడం). విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు, ఇంపోర్ట్ కొడితే చాలు. లాగ్ ఫైల్లోంచి (ప్రోగ్రామ్ ఏం చేసిందో రాసుకునే ఫైలు) తేదీలు, ఎర్రర్ కోడ్‌లు, ఈమెయిల్ ఐడీలు ఏరడం రెండు మూడు లైన్లలో అయిపోతుంది, ఇంతకుముందు స్ప్లిట్ మీద స్ప్లిట్ కొట్టుకుంటూ కూర్చునేవాడిని.

కొత్తలో మాత్రం మ్యాచ్, సెర్చ్ అనే రెండు ఫంక్షన్లకీ తేడా తెలీక ఒక సాయంత్రం మొత్తం పోయింది. మ్యాచ్ స్ట్రింగ్ (ఇచ్చిన టెక్స్ట్) మొదట్లోనే చూస్తుంది, సెర్చ్ ఎక్కడున్నా పట్టుకుంటుంది, నేనేమో లైన్ మధ్యలో ఉన్న తేదీకి మ్యాచ్ రాసి, ‘నన్’ (ఏమీ దొరకలేదు) అని వస్తుంటే ప్యాటర్నే తప్పనుకుని దాన్నే చెక్కుతూ ఉన్నా. దొరికినవన్నీ ఒకేసారి ఇచ్చే ఫైండ్‌ఆల్‌ది ఇంకో తిక్క. ప్యాటర్న్‌లో గ్రూప్ (బ్రాకెట్లలో పెట్టిన భాగం) లేకపోతే దొరికిందంతా ఇస్తుంది, ఒక్క గ్రూప్ పెట్టామా లోపలి ముక్క మాత్రమే, రెండు పెడితే టపుల్స్ (ముక్కల్ని కలిపి కట్టిన జతలు). విసుగొచ్చి ఫైండ్‌ఇటర్‌కి మారిపోయా, దాంట్లో ఏ ముక్క ఎక్కడ దొరికిందో కూడా తెలుస్తుంది.

అసలు తిప్పలు తెలుగు దగ్గర. మాటలు విడగొడదామని బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (మాటలో వచ్చే ఏ అక్షరమైనా), ప్లస్ (ఒకటి లేదా అంతకంటే ఎక్కువ) పెట్టి ‘తెలుగు’ అనే మాట ఇచ్చా, వచ్చిందేంటో తెలుసా, ‘త’, ‘ల’, ‘గ’! గుణింతాలన్నీ గోవిందా. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఎత్వం, కొమ్ము లాంటివి అక్షరాల కింద రావు, మార్కులు అని వేరే కేటగిరీ, ఈ మాడ్యూల్ వాటిని మాటలో భాగంగా లెక్కేయదు కాబట్టి అక్కడక్కడే తెగిపోతుంది. తమాషా ఏంటంటే అంకెల్ని పట్టే బ్యాక్‌స్లాష్ డీ మాత్రం ౧౨౩ని కూడా శుభ్రంగా అంకెలే అంటుంది.

సరే అని [ఀ-౿]+ రాశా, అంటే 128 స్థానాల తెలుగు బ్లాక్ మొత్తం. బాగానే పనిచేసింది, ‘సాఫ్ట్‌వేర్’ వచ్చేదాకా. పొల్లు తర్వాత కంటికి కనపడని నాన్-జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఒకటి ఉంటుంది కదా, అది ఆ బ్లాక్‌లో లేదు, మాట రెండు ముక్కలైంది. దాన్ని కూడా బ్రాకెట్లో చేర్చాకే దారిలో పడింది.

పిప్‌తో (పైతాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) వేసుకునే రెజెక్స్ అనే ఇంకో మాడ్యూల్ ఉంది, అది గుణింతాల్ని మాటతో కలిపే చూస్తుంది, పైగా టైమౌట్ కూడా పెట్టుకోవచ్చు, ఆర్‌ఈలో ఆ సదుపాయం లేదు, ప్లస్ లోపల ప్లస్ పెట్టిన ప్యాటర్న్ ఒక్కటి తేడా కొడితే ప్రోగ్రామ్ అక్కడే బిగుసుకుపోతుంది. లాగ్ ఫైళ్లకైతే ఆర్‌ఈకి 5కి 5, తెలుగు టెక్స్ట్‌కి 2 ఇస్తా, ఆ 2 కూడా అంకెల పుణ్యమే.