స్కోపుకు ట్రైపాడ్ కొనేవారికి హెచ్చరిక: పెట్టె మీది ‘8 కిలోలు’ చూసి మోసపోకండి

గత డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున, భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట, దూరపు పిట్టల్ని దగ్గరగా చూపే 32,000 రూపాయల నా స్పాటింగ్ స్కోపు (ఒంటికంటి దూరదర్శిని) నా కళ్ల ముందే ట్రైపాడ్‌తో సహా ఇసుకలో పడింది. నా కాలు తగలలేదు. పెద్ద గాలి కూడా లేదు. ఇసుకదిబ్బ అంచున ఉల్లంకి పిట్టలు దిగాయని స్కోపును కాస్త కిందికి వంచడానికి బిగింపు వదులు చేశాను. అది ఒక్కసారిగా ముక్కు మీదకు వాలింది. ఆ కుదుపుకు హెడ్ మీద, అంటే ట్రైపాడ్ కాళ్ల పైన స్కోపును తిప్పే భాగం మీద, స్కోపును పట్టి ఉంచే ప్లాస్టిక్ పలక చెవి పుటుక్కున విరిగింది. అద్దం పగలలేదు, నా అదృష్టం. కానీ ఫోకస్ చక్రంలోకి ఇసుక దూరి, ఇప్పటికీ తిప్పితే తిరగలిలా గరగరమంటుంది.

ఈ మధ్య విశాఖలో పక్షులు చూసేవాళ్లు పెరిగారు. కొత్తగా స్కోపు కొన్నవాళ్లు ట్రైపాడ్ ఏది మంచిదని నన్నే అడుగుతున్నారు. ఏది మంచిదో తర్వాత, ఏది కొనకూడదో మాత్రం నాకు బాగా తెలిసింది. ఇందులో సగం తప్పు అమ్మినవాడిది, సగం నాది.

స్కోపు కోసం నెల రోజులు ఆలోచించాను. 80 మిల్లీమీటర్ల అద్దం, 20 నుంచి 60 రెట్లు పెంచి చూపే కటకం, ఒళ్లంతా కలిపి 1.7 కిలోలు. ట్రైపాడ్ కోసం పది నిమిషాలు కూడా పెట్టలేదు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ట్రైపాడ్, హెడ్, సంచీ అన్నీ కలిపి 6,800 రూపాయలకు వచ్చాయి. పెట్టె మీద మంచుకొండల్లో కూర్చుని స్కోపు చూస్తున్న వేటగాడి బొమ్మ. దాని కింద ‘కార్బన్ ఫైబర్’, ‘ఫ్లూయిడ్ హెడ్’, ‘8 కిలోలు మోస్తుంది’ అని మూడు మాటలు. మూడింటిలో రెండు పచ్చి అబద్ధాలు. మూడోది అబద్ధం కంటే తెలివైనది.

ముందు ఆ వేటగాడి సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను మొదట బోల్తా పడింది అక్కడే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, కాబట్టి మనం ఈ పరికరాన్ని పిట్టల కోసమే వాడతాం. అమెరికా పశ్చిమాన కొండల్లో వేటకు వెళ్లేవాళ్లు సామానంతా వీపున మోసుకుని నడుస్తారు, వాలు మీద కూర్చుని గంటల తరబడి ఎదుటి కొండను వెతుకుతారు. వాళ్ల కోసం చేసిన ట్రైపాడ్‌లు చాలావరకు తేలికగా, పొట్టిగా ఉంటాయి. కూర్చునేవాడికి అది సుగుణం. విశాఖ దగ్గరి కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు గట్టు మీద నిలబడి బొల్లికోళ్లను చూసే నాకు అది నడుం నొప్పి. కాళ్లన్నీ సాగదీసినా నా ఛాతీ దాకానే వచ్చింది. పైగా నాది నేరుగా చూసే స్కోపు. కన్ను పెట్టే గొట్టం వంగి ఉండే రకం అయితే ట్రైపాడ్ కొంచెం పొట్టిదైనా సరిపోతుంది, పొడుగువాళ్లూ పిల్లలూ దానితోనే చూడొచ్చు. నేను మధ్య కడ్డీని పైకంతా లేపి ఎత్తు సరిచేసుకున్నాను. మూడు కాళ్ల మీద మళ్లీ ఒంటికాలు నిలబెట్టడం లాంటిది అది. కడ్డీని పైకి లేపితే గానీ కంటి ఎత్తుకు రాని ట్రైపాడ్ మనది కాదని అనుకోండి.

ఇక ఆ 8 కిలోలు. దాని మీద బరువు పెడితే కాళ్లు జారకుండా నిలబడుతుందనే తప్ప, కదలకుండా నిలబడుతుందని కాదు. ఈ అంకెను ఒక్కో తయారీదారు ఒక్కో రకంగా లెక్కగడతాడు. మామూలు కెమెరా అయితే తట్టుకోవచ్చు. స్కోపును 60 రెట్లకు తిప్పితే వణుకు కూడా 60 రెట్లవుతుంది. నా ట్రైపాడ్‌కు ఒక్కో కాలు ఐదు ముక్కలు, చివరి ముక్క నా చిటికెన వేలంత. ఫోకస్ చక్రం మీద వేలు పెడితే చాలు, పిట్ట కనబడదు, పిట్ట జ్వరం కనబడుతుంది.

కొనేముందు నేను చేసి ఉండాల్సిన పరీక్ష చాలా చిన్నది. పొద్దున్నే బీచ్ రోడ్డుకు వెళ్లి, రేవులోకి పిలుపు కోసం దూరంగా లంగరు వేసుకున్న సరుకు ఓడ ముందుభాగం మీది పేరు చదవండి. కాళ్లు పూర్తిగా సాగదీయాలి, స్కోపు పూర్తి పెంపులో ఉండాలి. ఇప్పుడు ఒక కాలిని వేలితో తట్టి, అక్షరాలు మళ్లీ నిలకడగా కనబడడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టండి. ఒకటి, రెండు అనేలోపు కుదురుకుంటే మంచిదే. నాది ఐదు దాకా వెళ్లింది. ఎండెక్కాక ఈ పరీక్ష చేయకండి, ఇసుక మీద నుంచి లేచే వేడికి ఏ ట్రైపాడ్ మీదైనా అక్షరాలు ఈదుతాయి, పాపం దాని తప్పు కాదు. ఇంకొక మాట, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపూ నౌకాదళ స్థావరం వైపూ స్కోపు తిప్పకండి. మీరు పిట్టల్ని చూస్తున్నారని పోలీసులకు నచ్చజెప్పే సరికి పిట్టలు వెళ్లిపోతాయి.

అసలు దెబ్బ మాత్రం హెడ్ దగ్గర తగిలింది. ఫ్లూయిడ్ హెడ్ అంటే లోపల చిక్కటి జిగురు ద్రవమో సిలికోన్ గ్రీజో ఉండి, మనం ఎంత వేగంగా తోస్తే అంత గట్టిగా ఎదురు పట్టాలి. అందుకే అది మెత్తగా తిరుగుతుంది, వదిలిన చోట ఆగుతుంది. నా హెడ్ ముందు మొరాయించేది, గట్టిగా తోస్తే ఒక్క గెంతు గెంతేది, వదలగానే కొద్దిగా వెనక్కి వచ్చేది. ‘కొద్దిగా’ అంటే ఎంతో లెక్క చూడండి. కిలోమీటరు దూరంలో ఒక్క డిగ్రీ అంటే సుమారు 17.5 మీటర్లు. 60 రెట్ల పెంపులో ఇలాంటి స్కోపుకు కనబడే వెడల్పే దాదాపు అంత. అర డిగ్రీ వెనక్కి వచ్చిందంటే మధ్యలో ఉన్న పిట్ట అంచుకు పోయినట్టే.

పలక విరిగాక ఆ హెడ్‌ను ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేతు పనివాడి దగ్గరకు పట్టుకెళ్లాను. అతను నాలుగు మరలు ఊడదీసి, చక్రం పైకి లాగి, లోపలున్న నైలాన్ వాషరు తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని మీద వేలితో గీస్తే వచ్చేంత పసుపు గ్రీజు, అంతే. ‘బాబూ, ఇందులో ఫ్లూయిడ్ ఎక్కడుంది? మా గేటు గొళ్లేనికి ఇంతకంటే ఎక్కువ గ్రీజు పెడతాను’ అన్నాడు. తర్వాత కాలి గొట్టం చివరి రబ్బరు పీకి లోపలికి చూపించాడు. పైన నల్లటి గళ్లు, లోపల తెల్లగా మెరిసే అల్యూమినియం. కార్బన్ గళ్లు అచ్చేసిన ప్లాస్టిక్ పొర చుట్టారు! అల్యూమినియం చెడ్డదని కాదు, నేను ఇప్పుడు వాడేది అదే. కార్బన్ ధర పుచ్చుకుని అల్యూమినియం అంటగట్టడం చెడ్డది. దుకాణంలో కొంటే కాలి చివరి రబ్బరు తీసి గొట్టం లోపలి రంగు చూడండి, లోపలా బయటా ఒకే నలుపు ఉండాలి.

బాల్ హెడ్, అంటే గుండు మీద అన్ని వైపులకూ ఒకేసారి తిరిగే రకం, ఇస్తామంటే కూడా స్కోపుకు వద్దనండి. ఫొటోలకు అది బాగుంటుంది. స్కోపును మాత్రం పక్కకూ పైకీ విడివిడిగా, నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. బాల్ హెడ్ బిగింపు వదిలితే స్కోపు ఏ పక్కకు వాలాలనిపిస్తే ఆ పక్కకు వాలుతుంది.

పలక చిన్నదే కానీ బరువంతా మోసేది అదే. లోహపుదీ పొడవైనదీ చూసుకోండి. పొడుగు పలక అయితే ముందుకూ వెనక్కూ జరిపి, చేయి వదిలినా స్కోపు వాలని చోటు పట్టుకోవచ్చు. వెనక ఫోను తగిలిస్తే ఆ చోటు మారుతుంది, అప్పుడు మళ్లీ జరుపుకోవాలి. స్కోపు అడుగున ఉండే మర రంధ్రం సాధారణంగా పావు అంగుళానిది, కొన్నింటికి అంగుళంలో మూడు ఎనిమిదో వంతుది కూడా ఉంటుంది. ఒక్క మర మీదే నిలిస్తే స్కోపు పక్కకు తిరిగిపోతూ ఉంటుంది. పలక మీద మర పక్కనే స్ప్రింగుతో లేచే చిన్న మేకు ఉంటే, స్కోపు అడుగున దానికి తగిన గుంట ఉంటే, ఆ బెడద ఉండదు.

డబ్బు వెనక్కి అడిగితే అమ్మకందారు ఫోనులో, ‘సార్, ఇసుక ఉంది కాబట్టి వాడిన వస్తువు, మీరు ఎక్కువ బిగించి ఉంటారు’ అన్నాడు. ఎక్కువ బిగించక తప్పని వస్తువు ఎందుకు అమ్మారంటే ఫోను పెట్టేశాడు. అప్పుడు గానీ పెట్టెను సరిగ్గా చూడలేదు. దిగుమతి చేసిన సంస్థ పేరూ చిరునామా లేవు, చట్ట ప్రకారం అవి పెట్టె మీద ఉండి తీరాలి. మీరు డబ్బు కట్టేముందే ఆ వివరం అడగండి, నీళ్లు నమిలితే అక్కడే ఆపేయండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. నాకు ఆ రెండూ జరగలేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు వస్తువుకు రుసుము లేదు, రెండేళ్ల గడువుంది. నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది, ఫిర్యాదు పెట్టకముందే హెడ్ విప్పించాను. మీరు మాత్రం ముందు ఫొటోలు తీసుకోండి, విప్పడం తర్వాత.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఒక పెళ్లి వీడియోలు తీసే కుర్రవాడు వాడి అమ్మిన హెడ్, కింద మూడు ముక్కల అల్యూమినియం కాళ్లు, పై గొట్టం 28 మిల్లీమీటర్లు. రెండూ కలిపి 9,500. బరువుగా ఉంది, కొండకర్లలో తాటి దోనె ఎక్కేటప్పుడు తిట్టుకుంటాను. గట్టు మీద నిలబెట్టాక తిట్లు మర్చిపోతాను. గాలి ఉంటే మధ్య కొక్కేనికి నీళ్ల సీసాల సంచీ వేలాడదీసి, సంచీ అడుగు నేలకు ఆనేలా చూస్తాను, లేకపోతే ఆ సంచీయే ఊగి ఊపుతుంది. సముద్రం దగ్గర నుంచి రాగానే కాళ్లు మంచినీళ్లతో కడిగి, కీళ్లు తెరిచి ఆరబెడతాను. ఉప్పు గాలికి మరలు పట్టేసుకుంటాయి.

పాత ట్రైపాడ్ ఫిర్యాదు తేలేదాకా పారేయకూడదు. మా ఆవిడ దాన్ని డాబా మీదకు తీసుకెళ్లి, నా పాత చొక్కా తొడిగి, వడియాల దగ్గర కాకులకు కాపలా పెట్టింది. సాయంత్రం గాలికి అది కూడా ఒకసారి పడిపోయింది.