మాల్‌ఏవి: గుడ్లగూబల రక్తపరాన్నజీవుల రికార్డులకు ఎంతవరకు నమ్మదగినది?

పక్షుల రక్తంలో బతికే మలేరియా కోవ ఏకకణ పరాన్నజీవుల జన్యు రికార్డులను ఒకచోట చేర్చిన ఉచిత డేటాబేస్ మాల్‌ఏవి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ సహచరులతో కలిసి 2009లో దీన్ని అందుబాటులోకి తెచ్చారు. ప్లాస్మోడియం, హీమోప్రొటియస్, ల్యూకోసైటోజూన్ అనే మూడు ప్రజాతులు దీని పరిధిలోకి వస్తాయి. ఏ పక్షిలో, ఏ ప్రాంతంలో, ఎవరి పరిశోధనలో ఏ వంశక్రమం (జన్యుక్రమం ఆధారంగా గుర్తించిన పరాన్నజీవి రకం) దొరికిందో ఇందులో వెతుక్కోవచ్చు. నేను దీన్ని ఎక్కువగా గుడ్లగూబల కోసమే తెరుస్తాను కనుక ఈ సమీక్ష కూడా అంతవరకే.

గుడ్లగూబల విషయంలో ఇలాంటి సాధనం ఎంత అవసరమో పాత చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1904లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ షౌడిన్ ఎథీనీ నాక్టువా అనే చిన్న గుడ్లగూబ రక్తాన్ని పరిశీలించి, అందులో కనిపించిన హీమోప్రొటియస్, ల్యూకోసైటోజూన్, ట్రిపనోసోమాలు (రక్తంలో ఈదే మరో కోవ ఏకకణ పరాన్నజీవులు) వేర్వేరు జీవులు కావని, ఒకే జీవితచక్రంలోని దశలని ప్రకటించాడు. ఆయన చిన్నాచితకా పరిశోధకుడేమీ కాడు. మరుసటి ఏడాదే ఎరిక్ హాఫ్‌మన్‌తో కలిసి సిఫిలిస్ కారక క్రిమిని గుర్తించినవాడు. అంతటివాడే పొరబడ్డాడంటే, ఒకే పక్షి రక్తంలో రెండు మూడు రకాల పరాన్నజీవులు కలిసి ఉన్నప్పుడు సూక్ష్మదర్శిని ఒక్కటే చాలదన్నమాట.

మాల్‌ఏవి పని తీరు అంతా చిన్న జన్యుఖండం మీద ఆధారపడి ఉంది. ఈ పరాన్నజీవుల మైటోకాండ్రియా జన్యుసముదాయం సుమారు 6,000 బేస్ జతలే (డీఎన్ఏ అక్షరాల జతలు). అందులో ప్రొటీన్లను తయారుచేయించే జన్యువులు మూడే. ఆ మూడింటిలో ఒకటైన సైటోక్రోమ్ బి జన్యువు నుంచి 479 బేస్ జతల ముక్కను ప్రమాణంగా తీసుకున్నారు. ఒక్క అక్షరం తేడా వచ్చినా దాన్ని కొత్త వంశక్రమంగా లెక్కగట్టి కొత్త పేరు ఇస్తారు. ఇంత చిన్న ముక్కతో ఎందుకు సరిపెట్టుకోవాలన్న ప్రశ్న సహజమే. పక్షుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది, అందువల్ల రక్తపు చుక్కలో పక్షి డీఎన్ఏ ముంచెత్తుతుంది, పరాన్నజీవి డీఎన్ఏ అందులో కొట్టుకుపోతుంది. హీమోప్రొటియస్ టార్టకోవ్‌స్కీ జన్యుసముదాయం 2016లో, ప్లాస్మోడియం రెలిక్టమ్, గాలినేసియమ్‌ల జన్యుసముదాయాలు 2018లో గాని వెలువడకపోవడానికి ఇది ముఖ్య కారణం. మైటోకాండ్రియా జన్యువుకు ప్రతి కణంలోనూ పలు ప్రతులుంటాయి కాబట్టి కొద్దిపాటి నమూనాలో కూడా అది దొరుకుతుంది.

అన్ని జీవుల జన్యుక్రమాలను భద్రపరిచే జెన్‌బ్యాంక్ అనే డేటాబేస్‌లో ఈ క్రమాలు లేకపోలేదు, కానీ అది భాండాగారం. సమర్పించినవారు ఏ పేరు పెడితే ఆ పేరే నిలిచిపోతుంది. మాల్‌ఏవిలో ఒకే క్రమానికి ఒకే పేరు ఉండేలా నిర్వాహకులు సరిచూస్తారు. నా దృష్టిలో దీని అసలు విలువ ఇక్కడే ఉంది. పేర్ల పద్ధతి మాత్రం కొత్తవారిని కంగారుపెడుతుంది. తొలిసారి దొరికిన పక్షి పేరులోని అక్షరాలతో సంకేతం కట్టడం వల్ల, గ్రేట్ రీడ్ వార్బ్లర్ పేరు మోస్తున్న జీఆర్‌డబ్ల్యూ4 అనే వంశక్రమం, ఆ పిట్ట ఎరుగని హవాయి దీవుల్లో స్థానిక పక్షులను కబళించిన మలేరియాకు గుర్తుగా మారింది. సంకేతాన్ని చూసి ఆతిథేయిని, అంటే పరాన్నజీవి ఆశ్రయం పొందే పక్షిని, ఊహించకూడదు.

ఇక జాగ్రత్త పడవలసిన విషయం. ఇందులోని రికార్డు చెప్పేది ఫలానా గుడ్లగూబ రక్తంలో ఫలానా డీఎన్ఏ ఉందని మాత్రమే, ఆ పరాన్నజీవి ఆ పక్షిలో తన ఎదుగుదల పూర్తిచేసుకుని దాన్ని వ్యాపింపజేసే రక్తం పీల్చే కీటకానికి మళ్లీ చేరుతుందని కాదు. కీటకం కుట్టినప్పుడు లోపలికి వెళ్లిన జీవి మధ్యలోనే ఆగిపోయినా పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకు ప్రతులు పెంచి గుర్తించే పరీక్షలో) కనిపించవచ్చు. 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఉత్తర అమెరికా పడమటి అడవుల్లోని నార్తర్న్ స్పాటెడ్ ఔల్‌లో ప్లాస్మోడియం తొలిసారి నమోదైంది. తూర్పు నుంచి విస్తరిస్తూ వచ్చిన బార్డ్ ఔల్ పోటీతో అప్పటికే సతమతమవుతున్న పక్షి కాబట్టి ఆ రికార్డు ఆందోళన కలిగించింది. అయితే ఒక రికార్డు నుంచి వ్యాధి దాకా వెళ్లాలంటే గాజుపలక మీది రక్తపు పూతలో గామిటోసైట్లు (కీటకానికి సోకగల దశ కణాలు) సూక్ష్మదర్శినిలో కంటికి కనబడ్డాయా అన్నది తేలాలి. మిశ్రమ సంక్రమణల్లో పీసీఆర్ ఒక వంశక్రమాన్ని పట్టుకుని మరొకదాన్ని వదిలేయడం కూడా మామూలే, గుడ్లగూబల్లో అలాంటి మిశ్రమాలు అరుదేమీ కావు. రాత్రి తిరిగే ఈ పక్షుల నమూనాలు పాటపిట్టలవంత సులభంగా దొరకవు. అందువల్ల ఫలానా జాతికి రికార్డు లేకపోతే పరాన్నజీవి లేదని అనుకోకూడదు.

పక్షుల పేర్లతో ఇంకో తలనొప్పి ఉంది. బార్న్ ఔల్‌ను ఒకే జాతిగా చూసినవారు, మూడుగా విడగొట్టినవారు ఉన్నారు కాబట్టి పాత రికార్డును పేరుతో పాటు సేకరించిన ప్రాంతంతో కూడా సరిచూసుకోవాలి.

కొత్త క్రమాన్ని పోల్చుకోవడానికి, ఆతిథేయుల పరిధి అంచనా వేయడానికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. జాతిని నిర్ధారించడానికి మాత్రం ఇదొక్కటే సరిపోదు. నావరకు, రికార్డుకు మూలమైన పరిశోధనా వ్యాసాన్ని తెరిచి, పద్ధతుల భాగంలో సూక్ష్మదర్శిని పరీక్ష ప్రస్తావన ఉందో లేదో చూస్తాను. లేకపోతే ఆ వంశక్రమాన్ని ఆ గుడ్లగూబకు సొంత పరాన్నజీవిగా లెక్కలోకి తీసుకోను.