లేక్‌స్టరా, స్ట్రీమ్‌లైనరా? ఒకే ఇంజన్‌కు రెండు దారులు

విజయనగరంలో మా బాబాయి షెడ్డులో పాత మారుతి 800 ఇంజన్ ఒకటి ఉంది. 796 సీసీ. అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో వేగం రికార్డుల పోటీలు నడిపే ఎస్‌సీటీఏ అనే సంస్థ లెక్కలో ఇది 'ఐ' తరగతి. ఆ అక్షరం ఇంజన్ సైజుది. బాడీ ఏ రకమన్నది వేరే గుర్తు. ఈ ఇంజన్‌తో అక్కడికి బండి కడితే లేక్‌స్టర్ బాడీయా, స్ట్రీమ్‌లైనర్ బాడీయా అన్నదే బాబాయికీ నాకూ వాదన.

లేక్‌స్టర్‌కి చక్రాలు బయటే ఉండాలి. 1946లో బిల్ బర్క్ యుద్ధవిమానం పెట్రోలు ట్యాంకుతో కట్టింది ఈ రకమే. స్ట్రీమ్‌లైనర్‌లో కనీసం రెండు చక్రాలను మూసేయాలి. బయట తిరిగే టైరు గాలిని బాగా చెదరగొడుతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలిని తోయడానికే ఎనిమిది రెట్ల పవర్ కావాలి. చిన్న ఇంజన్ చేతిలో ఉన్నవాళ్లకు స్ట్రీమ్‌లైనర్ మీద ఆశ పుట్టడం సహజం.

అయినా నేను లేక్‌స్టర్ వైపే. లేక్‌స్టర్ పోటీ లేక్‌స్టర్లతోనే, కాబట్టి ఆ గాలి నష్టం అందరికీ ఉన్నదే. చక్రాలు దూరంగా పెట్టుకోవచ్చు, బండి నిలకడగా ఉంటుంది. పరుగు అవగానే టైరును కళ్లారా చూసుకోవచ్చు, ఆ వేగంలో ప్రాణం దాని మీదే కదా. స్ట్రీమ్‌లైనర్‌లో చక్రం తిరిగే చోటు కూడా కవరు లోపలే సర్దాలి. మా ఊరి టింకరింగ్ పనికి గుండ్రటి సన్న బాడీయే సులువు.

రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా డ్రైవర్‌ని కాపాడే ఇనుప చట్రం), ఫైర్ సూట్ (మంటలను తట్టుకునే దుస్తులు) దేనికైనా తప్పనిసరి.

బాబాయి మాత్రం ఒప్పుకోలేదు. మొన్న ఆదివారం అట్టముక్కలతో చక్రాల కవర్లు కోసి పెట్టారు.