తొవ్వరుల చరిత్ర కోసం హైదరాబాద్ తిరిగాం: ఏ చోటు పనికొచ్చింది, ఎక్కడ ఉండాలి

మేం రాస్తున్న ఫాంటసీ నవలలో తొవ్వరులు అని ఒక సంచార జాతి ఉంది. రాసేది నేను, బొమ్మలు వేసేది మా చెల్లి. ఊరంటూ లేని జనం, ఎడ్ల మీద సరుకు వేసుకుని రాజ్యాల మధ్య తిరుగుతుంటారు. కథ బాగానే నడుస్తోంది కానీ వాళ్లకు చరిత్ర కుదరలేదు. సంచార జాతి అనగానే రంగురంగుల బట్టలు, నెగడు చుట్టూ డాన్సు, చెయ్యి చూసి జోస్యం చెప్పే ముసలమ్మ, ఫాంటసీల్లో ఎప్పుడూ ఇవే. నాకు ఇవి అస్సలు నచ్చవు. వాళ్లు ఏం మోశారు, ఎవరికి మోశారు, పశువులకు నీళ్లు ఎక్కడ పట్టారు, చివరికి వాళ్ల దారి ఎవరు మూసేశారు, ఇవి తెలియకుండా వెయ్యేళ్ల చరిత్ర అని రాజుల పేర్లు పేర్చుకుంటూ పోతే అందులో మనుషులు కనిపించరు.

అందుకే వరంగల్ నుంచి హైదరాబాద్ వచ్చి, బిడారులు (సరుకు మోసే ఎడ్ల గుంపులు) నడిచిన దారులు, సరాయిలు (దారిలో వర్తకులు దిగే సత్రాలు), లంబాడీల (బంజారాలని కూడా అంటారు) చరిత్ర కనిపించే చోట్లు తిరిగాం. ఇలాంటి పని మీద వచ్చే రచయితలకు, గేములు రాసేవాళ్లకు, ఊరికే ఆసక్తి ఉన్నవాళ్లకు కూడా పనికొస్తుందని రాస్తున్నా. ఒక మాట ముందే: తొవ్వరులు అంటే లంబాడీలు కాదు. బయల్దేరే ముందే చెల్లి గట్టిగా చెప్పింది, "అన్నా, లంబాడీల గురువు సేవాలాల్ మహారాజ్‌ని గానీ వాళ్ల పండగల్ని గానీ పేరు మార్చి మన కథలో పెట్టొద్దు, అవి ఇప్పటికీ జనం మొక్కుకునేవి" అని. దానికే కట్టుబడ్డాం. తీసుకోవాలనుకున్నది పనీ, దారీ, చట్టం, వీటి లెక్క మాత్రమే.

ముందు బస సంగతి. మొదట నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. స్టేషన్, మెట్రో, పబ్లిక్ గార్డెన్స్ అన్నీ నడిచి వెళ్లేంత దగ్గర, ఆ ఒక్కటే ప్లస్. వేడినీళ్లు ఇరవైనాలుగు గంటలూ ఉంటాయన్నారు, పొద్దున ఆరింటికే చల్లటి నీళ్లు. గది కిటికీ తీస్తే జనరేటర్ పొగ. రాత్రంతా కారిడార్‌లో సూట్‌కేసుల చక్రాల చప్పుడు. రాసుకోవడానికి బల్ల కావాలంటే రిసెప్షన్ అబ్బాయి రెండుసార్లు సరేనన్నాడు, బల్ల మాత్రం రాలేదు. అక్కడి నుంచి టోలీచౌకీ వైపు ఒక ఇంటి పై పోర్షన్‌కు మారాం, కుటుంబం కింద ఉంటుంది, పైన రెండు గదులు అద్దెకిస్తారు. ఇది చాలా బాగుంది. ఆ ఇంటావిడ పొద్దున్నే టీ పంపేది, రాత్రి ఆలస్యమైనా విసుక్కోలేదు, మేం ఏ పని మీద వచ్చామో విని "కార్వాన్ గల్లీల్లోకి పెద్ద కారు తీసుకుపోవద్దమ్మా, ఆటోలో పొండి" అని చెల్లికి దారి కూడా చెప్పింది. అన్నిటికంటే ముఖ్యం, షేక్‌పేట సరాయి, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు అన్నీ అక్కడి నుంచి దగ్గర. ఈ రూటు చూడాలనుకునేవాళ్లు నాంపల్లిలో కాకుండా టోలీచౌకీ, మెహిదీపట్నం వైపు గది చూసుకుంటే ట్రాఫిక్ టెన్షన్ సగం తగ్గుతుంది.

మాసబ్ ట్యాంక్‌లోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియంతో మొదలుపెట్టడం మంచిది. జనం తక్కువ, తొందరపెట్టేవాళ్లు ఉండరు. గోండులు, కోయలు, చెంచులు, లంబాడీలు, ఒక్కో తెగ బతుకు బొమ్మలతో చూపిస్తారు. లంబాడీ ఆడవాళ్ల కాంచళి (రవిక), ఫేటియా (లంగా) దగ్గర చెల్లి చాలాసేపు నిలబడిపోయింది. దూరం నుంచి చూస్తే మెరిసే అద్దాలే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కో అద్దం చుట్టూ దారాన్ని ఎంత ఒత్తుగా తిప్పారంటే, గుడ్డ కంటే ఆ కుట్టే గట్టిగా ఉంటుంది. అంచుల్లో గవ్వలు, నాణేలు. ఇల్లు లేని మనిషి సొమ్ము ఎక్కడ దాచుకుంటుంది, ఒంటి మీదే కదా అనిపించింది. మా నవలలో తొవ్వరుల ఆడపిల్ల పెళ్లికి తెచ్చుకునే రవికలో ఆ కుటుంబం దాటిన ప్రతి రాజ్యం నాణెం ఒకటి కుట్టి ఉంటుందని అక్కడే అనుకున్నాం. వాళ్ల చరిత్రకు అదే పుస్తకం. ఒకటే లోటు, వస్తువుల పక్కన ఉన్న వివరణలు చాలా చిన్నవి. అది ఏ ప్రాంతం నుంచి వచ్చింది, ఏ కాలానిది అని తెలుసుకోవాలంటే అక్కడి సిబ్బందిని అడగాలి. అడిగితే ఓపిగ్గానే చెబుతున్నారు.

బంజారాహిల్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఆ కొండల్లో ఒకప్పుడు తండాలు ఉండేవంటారు, ఇప్పుడు షోరూములు, ఆస్పత్రులే. 2022లో ప్రారంభమైన సేవాలాల్ బంజారా భవన్ ఒకటి కనిపిస్తుంది, అంతే. సాలార్‌జంగ్ మ్యూజియం గొప్పదే, హైదరాబాద్ మొదటిసారి వస్తే తప్పక చూడాలి, కానీ ఈ పనికి అది దారి కాదు. శుక్రవారం మూసి ఉంటుంది, గుర్తుంచుకోండి.

ఇక నేను ఎక్కువసేపు రాయాలనుకుంటున్నది షేక్‌పేట సరాయి గురించి. కుతుబ్‌షాహీల కాలంలో వర్తకులు దిగిన రెండంతస్తుల కట్టడం, కమానుల గదులు, ఒంటెలకూ గుర్రాలకూ శాలలు, పక్కనే మసీదు. చుట్టూ ఊరు ముంచేసింది, గోడల మీద మొక్కలు మొలిచాయి, ఐనా ఆకారం ఇంకా నిలబడి ఉంది. ఒక గదిలోకి వంగి వెళ్లి కూర్చుంటే గోడలో దీపం పెట్టుకునే గూడు, కింద చల్లటి రాయి. సరుకు గుమ్మం దగ్గర పెట్టుకుని నిద్రపోయే వర్తకుడు కళ్ల ముందు కనిపిస్తాడు. కానీ అక్కడ కూర్చునే నాకు ఒక లెక్క తట్టింది. గదులు ముప్ఫై దాకా ఉంటాయి. పదిహేడో శతాబ్దంలో ఈ దారుల్లో తిరిగిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే రాసిన దాని ప్రకారం, ధాన్యం మోసే సంచారుల బిడారులో పది పన్నెండు వేల ఎడ్లు ఉండేవి. ఇరుకు దారిలో ఎదురైతే మిగతా ప్రయాణికులు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. పన్నెండు వేల ఎడ్లు ఏ సరాయిలో పడతాయి?

అంటే సరాయి వాళ్ల కోసం కట్టింది కాదు. అది పట్టు, వజ్రం, సుగంధ ద్రవ్యాలు తెచ్చే పెద్ద వర్తకుడి కోసం. ఉప్పూ ధాన్యం మోసినవాళ్లు బయట, గడ్డి ఉన్నచోట, చెరువు గట్టున. మా మొదటి డ్రాఫ్టులో తొవ్వరులు సరాయిల్లో దిగి పాటలు పాడేవాళ్లు, ఆ సీన్లన్నీ తీసేస్తున్నాం. తొవ్వరులు పైకప్పు కింద పడుకోరు, దానికి కారణం శాపమో నమ్మకమో కాదు, ఎడ్లు.

టావెర్నియే చెప్పిన ఇంకో సంగతి కూడా మాకు బంగారం లాంటిది. ఈ సంచారుల్లో నాలుగు తెగలు ఉండేవనీ, ఒకరు గోధుమల్లాంటి ధాన్యం, ఒకరు బియ్యం, ఒకరు పప్పుధాన్యాలు, ఒకరు ఉప్పు మాత్రమే మోసేవాళ్లనీ రాశాడు. రెండు బిడారులు ఎదురైతే దారి ఇచ్చేది ఎవరన్న దాని మీద నెత్తురు కారే గొడవలు జరిగేవట. చివరికి మొగలు చక్రవర్తి ఇద్దరు నాయకుల్నీ పిలిపించి, చెరో లక్ష రూపాయలు, చెరో ముత్యాల హారం ఇచ్చి సర్దిచెప్పాడట. ఫాంటసీలో యుద్ధం అంటే కిరీటం కోసమే కానక్కర్లేదు, ఇరుకు కనుమలో ఎవరి ఎడ్లు ముందు దాటాలన్నది చాలు.

గోల్కొండ అందరికీ తెలిసిందే కాబట్టి కోట గురించి రాయను. గైడ్లు ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు, పైన బారాదరిలో (కొండ మీది దర్బారు మంటపం) దాని ప్రతిధ్వని, అక్కన్న మాదన్నల కచేరీ, ఇదే వరుసలో చెబుతారు. మాకు దొరికిన గైడు మంచివాడు, బేరం దగ్గర పేచీ పెట్టలేదు, మెట్ల దగ్గర చెల్లిని తొందరపెట్టలేదు. కానీ మాకు కావాల్సింది కోట ద్వారాల్లో ఒకటైన బంజారీ దర్వాజా. అది మామూలు టూర్‌లో ఉండదు. టికెట్ కౌంటర్ వైపు కాదు, కుతుబ్‌షాహీ సమాధుల వైపు వెళ్లే దారిలో ఉంటుంది, అందులోంచి బళ్లు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. పొద్దున ఎనిమిది లోపు వెళ్తే ఆగి చూడొచ్చు, ఆ తర్వాత హారన్ల మోతలో నిలబడలేం. 1687లో ఔరంగజేబు సైన్యం ఈ కోటను ఎనిమిది నెలలు ముట్టడించింది. వానలకు దారులు తెగి, ముట్టడించిన సైన్యమే తిండికి అల్లాడింది. ఆ ద్వారం కింద నిలబడి ఆ సంగతి తలుచుకుంటే, ధాన్యం ఎడ్లు ఎటు నడిస్తే గెలుపు అటే కదా అనిపిస్తుంది. అందుకే చక్రవర్తులు ధాన్యం మోసే బంజారాలను మంచి చేసుకున్నారు. షాజహాన్ వజీరు ఆసఫ్ ఖాన్ 1630 ప్రాంతంలో దక్కను మీదికి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే ఇద్దరు నాయకుల దగ్గర లక్షా ఎనభై వేల ఎడ్లు ఉండేవనీ, ఊళ్లో కుండ నీళ్లు, కప్పు మీది గడ్డి తీసుకునే హక్కు, రోజుకు మూడు హత్యల దాకా మాఫీ రాసిచ్చాడనీ బంజారాల్లో చెప్పుకుంటారు. ఎంత భయంకరమైన మాఫీ అది! ఊరివాళ్ల వైపు నుంచి చూస్తే ఆ బిడారు వస్తోందంటే ఎలా ఉండేదో. తొవ్వరులను అమాయకులుగా మాత్రమే చూపించకూడదని చెల్లీ నేనూ ఒప్పుకున్నది ఇక్కడే.

కార్వాన్ మధ్యాహ్నం వెళ్లొద్దు, ఎండా ట్రాఫిక్కూ రెండూ చంపేస్తాయి. గోల్కొండకూ పాత నగరానికీ మధ్య వర్తకులు ఉన్న పేట ఇది. 1671 నాటి టోలీ మసీదు సున్నపు పనితనం దగ్గరగా చూడాల్సిందే, అక్కడి నుంచి 1578లో కట్టిన పురానాపూల్ దాకా నడవొచ్చు. యాప్‌లో బుక్ చేసిన ఆటోలు రెండు క్యాన్సిల్ అయ్యాయి, రోడ్డు మీద ఆపిన ఆటో అతను మాత్రం మీటరు మీద కొంచెం వేసి తీసుకెళ్లాడు, తిరిగి వచ్చేదాకా ఆగాడు.

హయత్‌నగర్ దూరమే. ఎల్బీనగర్ దాకా మెట్రో, అక్కడి నుంచి విజయవాడ రోడ్డు మీద బస్సో ఆటోనో. మచిలీపట్నం పాత దారి మీద హయత్ బక్షీ బేగం మసీదు, దాని చుట్టూ వరుసగా సరాయి గదులు, పక్కనే హాథీ బావలి. ఏనుగుతో నీళ్లు తోడించేవాళ్లంటారు. అన్ని ఎడ్లు ఎక్కడ ఆగేవని షేక్‌పేటలో నాకు తట్టిన ప్రశ్నకు సగం జవాబు ఈ బావి దగ్గర దొరికింది. దారిని పట్టుకోవాలంటే రాజుకు కోట అక్కర్లేదు, నీళ్లు తన చేతిలో ఉంటే చాలు. భోజనం ఎల్బీనగర్‌లోనే కానిచ్చేయండి.

మాదాపూర్ శిల్పారామంలో అన్నీ చూడక్కర్లేదు, చేర్యాల నకాషీ బొమ్మల స్టాల్ ఉంటే అక్కడ ఆగండి. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, తెల్లమట్టి పట్టించి, ఎర్రటి నేల మీద వేసే బొమ్మలు. ఇప్పుడు ఫ్రేములు కట్టి అమ్ముతున్నారు కానీ అసలు ఇవి గజాల పొడవు పటాలు. పటం విప్పుతూ కులపురాణం చెప్పేవాళ్లు వేరే కులం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు, మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్లు చెబుతారు. అంటే ఒకరి చరిత్ర ఇంకొకరి నోట్లో ఉంటుంది, ఆ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగేవాళ్లు. మా నవలకు ఇది పెద్ద మలుపు. తొవ్వరుల పుట్టుక కథను తొవ్వరులు చెప్పరు, వాళ్ల వెంట నడిచే పటం జనం చెబుతారు, గింజలు సరిగ్గా ఇవ్వని ఏడాది కథలో తాతలు కొంచెం పిరికివాళ్లవుతారు.

ఇక వాళ్ల పతనం. మొదట ఒక మాంత్రికుడి శాపం అనుకున్నాం, ఇప్పుడు అది లేదు. నిజాం రాజ్యంలో వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. రైళ్లొచ్చాక ఎద్దు వీపు మీది ఉప్పు ఎవరికి కావాలి? అంతకు మూడేళ్ల ముందే, 1871లో, బ్రిటిష్‌వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చి, తిరగడమే బతుకైన ఎన్నో జాతుల మీద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు, అది పోయింది 1952లో. మా ప్రపంచంలో రైలు లేదు కాబట్టి కాలువ తవ్విస్తున్నాం. పడవ వచ్చాక తొవ్వరులు రోజూ పొద్దున ఊరి చావడిలో వేలిముద్ర వేయాలని చట్టం వస్తుంది. నిన్నటిదాకా ధాన్యం కోసం బతిమాలిన రాజ్యమే అది.

సమయం తక్కువ ఉన్నవాళ్లు పొద్దున బంజారీ దర్వాజా, అటు నుంచి షేక్‌పేట సరాయి, ఎండ ముదిరాక గిరిజన మ్యూజియం, సాయంత్రం టోలీ మసీదు పెట్టుకోండి. హయత్‌నగర్‌కు ఇంకో పూట కావాలి. మ్యూజియంలో ఫొటోలకు అనుమతి ముందే అడగండి, స్కెచ్ వేసుకునేవాళ్లు మడత కుర్చీ తీసుకెళ్లండి, సరాయి దగ్గర కూర్చోవడానికి నీడ ఉంది గానీ తాగడానికి నీళ్లు లేవు.