రిమోట్ స్టార్టర్ బిగింపు: వైర్లు ఒలిచి కలపడం మేలా, టీ-హార్నెస్ మేలా?

కారు ఎక్కకముందే దూరం నుంచి ఇంజినును స్టార్ట్ చేసే రిమోట్ స్టార్టర్‌ను కారుకు విడిగా పెట్టించుకోదలచినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ రిమోట్ ఎంత దూరం నుంచి పనిచేస్తుంది? రోజూ చేతిలో ఉండేది రిమోటే కనుక ప్రశ్న సహజమైనదే. అయితే ఆ పరికరం ఏళ్ళ తరబడి ఇబ్బంది లేకుండా పనిచేస్తుందా, లేక కొద్ది నెలలకే డాష్‌బోర్డులో హెచ్చరిక దీపాలు వెలిగిస్తుందా అన్నది స్టీరింగు కింద అది కారు వైరింగుతో ఎలా కలిసిందన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది. అందువల్ల ముందు ఆ సంగతి తేల్చుకుని, రిమోటు ఎంపికకు తరవాతే రావాలని నేను చెబుతాను.

పాత పద్ధతిలో ఇగ్నిషన్ స్విచ్చి నుంచి వచ్చే వైర్లను ఒక్కొక్కటిగా గుర్తించి, వాటి పైపొర ఒలిచి, స్టార్టర్ మాడ్యూల్ వైర్లను చుట్టి టంకం వేస్తారు. ఎల్లప్పుడూ 12 వోల్టులు ఉండే వైరు, ఇగ్నిషన్ వైరు, యాక్సెసరీ వైరు (ఏసీ ఫ్యాను వంటివాటికి కరెంటు ఇచ్చేది), స్టార్టర్ మోటారు వైరు ఇందులో ముఖ్యమైనవి. అనేక కార్లలో ఇగ్నిషన్‌కో యాక్సెసరీకో రెండో వైరు కూడా ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఇంజిను నడుస్తుంది గానీ ఏసీ ఫ్యాను తిరగకపోవచ్చు; మనం ఎక్కేసరికి కారు లోపల చల్లగానో వెచ్చగానో ఉండాలని పెట్టించుకున్న పరికరానికి అప్పుడు ప్రయోజనమే ఉండదు. పైగా ఈ వైర్లు పదుల ఆంపియర్ల కరెంటును మోయవలసి వస్తుంది. అలాంటి చోట టంకం వేయకుండా, నొక్కి బిగించే ప్లాస్టిక్ క్లిప్పులతో పని ముగిస్తే, బండి అదురుకు ఆ అతుకు క్రమంగా వదులై, వేడెక్కి, చివరకు పైపొరను కరిగిస్తుంది. బాగా చేసిన అతుకూ హడావిడిగా చేసిన అతుకూ ప్యానెల్ మూసేశాక ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ఏది జరిగిందో యజమానికి తెలిసే అవకాశం లేదు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

ఇమ్మొబిలైజర్ అనే దొంగతన నిరోధక ఏర్పాటు ఉన్న కార్లలో మరో చిక్కు ఉంది. తాళంచెవిలోని చిప్‌ను గుర్తిస్తే తప్ప ఇంజిను అందుకోదు కనుక, పాత పద్ధతిలో రెండో తాళంచెవిని ఒక చిన్న పెట్టెలో పెట్టి డాష్‌బోర్డు లోపలే దాచి, దాని సంకేతాన్ని తీగచుట్ట ద్వారా తాళం దగ్గరికి చేరుస్తారు. అది పనిచేస్తుందనడంలో సందేహం లేదు, కానీ కారు తాళంచెవి కారులోనే ఉండిపోతుంది. ఆ సంగతి తెలిసిన దొంగకు ఇమ్మొబిలైజర్ పెద్ద అడ్డంకి కాదు.

టీ-హార్నెస్ పద్ధతిలో కారు సొంత కనెక్టర్‌ను ఊడదీసి, రెండు కొనల మధ్య అదే ఆకారంలో ఉన్న కొత్త కనెక్టర్ల జతను చొప్పిస్తారు. దానితోపాటు వచ్చే డేటా మాడ్యూల్, కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే క్యాన్ నెట్‌వర్కుతో మాట్లాడి, ఇమ్మొబిలైజర్, డోర్ లాకులు, బ్రేకు, ఇంజిను వేగం వంటివాటి సమాచారాన్ని అక్కడి నుంచే తీసుకుంటుంది. ఇంజిను వేగం నేరుగా తెలియడం చిన్న విషయం కాదు. బ్యాటరీ వోల్టేజీని చూసి ఇంజిను అందుకుందో లేదో ఊహించే అమరిక, గట్టి చలిలోనో బలహీనమైన బ్యాటరీతోనో పొరబడి స్టార్టర్ మోటారును అవసరానికి మించి తిప్పుతుంది, లేదా ఇంజిను అందుకోకముందే ఆపేస్తుంది. ఇక కారు అమ్మదలచినప్పుడు గానీ, ఏదైనా లోపం వచ్చి దానికి స్టార్టరే కారణమా అని తేల్చుకోవలసినప్పుడు గానీ, హార్నెస్ ఊడదీసి పాత కనెక్టర్లను కలిపేస్తే వైరింగు యథాస్థితికి వస్తుంది. నా మొగ్గు ఇటువైపే ఉండడానికి ఈ ఒక్క సౌకర్యమే చాలు.

అయితే టీ-హార్నెస్ అన్ని కార్లకూ దొరకదు. ఒకే మోడల్‌లో కూడా తయారైన సంవత్సరాన్ని బట్టి, తాళంచెవి తిప్పే రకమా బటన్ నొక్కే రకమా అన్న దాన్ని బట్టి హార్నెస్, మాడ్యూల్‌లో ఎక్కించవలసిన ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) మారిపోతాయి. కొనకముందే ఈ రెండూ తమ కారుకు సరిపోతాయని నిర్ధారించుకోవాలి. ఇమ్మొబిలైజర్, క్యాన్ నెట్‌వర్కు లేని పాత కారుకు మాత్రం టంకం వేసి కలపడమే సరైన పద్ధతి, నిదానంగా చేసే చేతిలో అది ఎన్నేళ్ళయినా నిలుస్తుంది.

రిమోటు విషయంలో నేను రెండువైపులా సంకేతం పంపే రకాన్నే ఎంచుకుంటాను. ఒకవైపు రిమోటు బటన్ నొక్కామని మాత్రమే చెప్పగలదు, ఇంజిను నిజంగా నడుస్తోందో ఆగిందో చెప్పలేదు. ప్రకటనల్లో చెప్పే దూరం అడ్డంకులు లేని బయలు ప్రదేశంలోనిది. కాంక్రీటు గోడలు వస్తే అది బాగా తగ్గుతుంది. ఫోన్‌తో నడిచే రకానికి దూరంతో పని లేదు గానీ చందా కట్టాలి, నెట్‌వర్కు ఉండాలి. 2022లో అమెరికాలో 3జీ సేవలు నిలిచిపోయినప్పుడు, వాటినే నమ్ముకున్న మాడ్యూళ్ళకు కారుతో ఫోన్ సంబంధం తెగిపోయింది. కారు సొంత తాళంచెవిపై లాక్ బటన్‌ను మూడుసార్లు నొక్కే రకం చవక, దూరం తక్కువ. ఇంటి ముందే కారు నిలుపుకునేవారికి అది సరిపోతుంది.

సొంతంగా బిగించుకోవచ్చా అని అడిగేవారికి, టీ-హార్నెస్ అయితే ఓపిక ఉన్నవారు ప్రయత్నించవచ్చని, వైర్లు ఒలిచి కలిపేదైతే అనుభవజ్ఞుడికే అప్పగించాలని నా సలహా. ఎవరు చేసినా బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపు కాకుండా డిజిటల్ మల్టీమీటరే వాడాలి, పసుపు రంగుతో గుర్తుపట్టగల ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి అసలు వెళ్ళకూడదు. బానెట్ తెరిచి ఉంటే ఇంజిను అందుకోకుండా చేసే స్విచ్చిని, అదనపు పని అని చెప్పి కొందరు వదిలేస్తారు. ఇంజినులో చెయ్యిపెట్టిన మనిషి వేళ్ళను కాపాడేది అదే కాబట్టి దాని విషయంలో రాజీ పడకండి. మాన్యువల్ గేరు కారులో ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే గేరులో ఉండగా స్టార్ట్ అయితే బండి ముందుకు దూకుతుంది. ఇంజిను నడుస్తుండగానే న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, దిగి తలుపు మూసిన తరవాతే మరుసటి స్టార్టుకు అనుమతించే ఏర్పాటు, ఆ తరవాత తలుపు తెరిస్తే ఆ అనుమతి రద్దయ్యే ఏర్పాటు లేని మాడ్యూల్‌ను అలాంటి కారుకు పెట్టించవద్దు.

పని పూర్తయ్యాక కారును అప్పగించుకునే ముందు, రిమోటుతో స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి చూడండి, మళ్ళీ స్టార్ట్ చేసి తాళంచెవి లేకుండా బ్రేకు నొక్కి చూడండి. రెండుసార్లూ ఇంజిను వెంటనే ఆగాలి. నిర్ణీత సమయం గడిచాక దానంతటదే ఆగుతోందో లేదో కూడా అక్కడే నిలబడి చూడాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కనుక, తలుపు మూసిన గ్యారేజీలో కారు నిలిపేవారు ఆ రాత్రులు రిమోట్ స్టార్టర్‌ను సర్వీసు మోడ్‌లో పెట్టి, పొరపాటున బటన్ నొక్కినా ఇంజిను అందుకోకుండా చూసుకోవాలి.