కళ్లజోడు మర్చిపోతే మిగిలిన లక్షా పన్నెండు వేలు

షాపు అదే, డైనింగ్ సెట్టూ అదే. ఆరు కుర్చీలు, పైన రాతి పలక. ఆదివారం దాని ధర 2,850 యువాన్లు. మంగళవారం 2,380. ఆదివారం మా పక్కన ట్రాన్స్‌లేటర్ అమ్మాయి ఉంది, మంగళవారం లేదు. తేడా అంతే. ఫర్నిచర్ కొనుగోలుకి చైనా వెళ్దామనుకుంటున్న మన షాపులవాళ్లు కనీసం ఈ ఒక్క ముక్కయినా తెలుసుకుని బయల్దేరతారని ఇదంతా రాస్తున్నాను.

మాది ఏలూరులో షోరూము. నేనూ, మా అక్క మొగుడూ కలిసి నడుపుతున్నాం. 2025 మార్చిలో గ్వాంగ్‌జౌలో జరిగే ఫర్నిచర్ ఫెయిర్‌కి వెళ్లాం. తోడుగా తణుకు నుంచి బాబాయి వచ్చాడు. వరసకి బాబాయి కాదు గానీ ఆయన షాపు మా నాన్న షాపు కంటే పాతది. వడ్రంగి ఇంట పుట్టిన మనిషి, అరవై ఆరేళ్లు. అప్పటికి మన దేశం నుంచి చైనాకి నేరు విమానాలు మళ్లీ మొదలవలేదు (ఆ ఏడాది అక్టోబరులో మొదలయ్యాయి). హైదరాబాదు నుంచి బ్యాంకాక్ మీదుగా రానూపోనూ మనిషికి 41,600 అయింది.

దిగేసరికి రాత్రి పన్నెండు. మెట్రో లేదు, టాక్సీకి 158 యువాన్లు. యువాను పన్నెండు రూపాయలనుకోండి, లెక్క తేలిగ్గా ఉంటుంది. మెట్రో మూడో లైను, ఎనిమిదో లైను కలిసే కెసున్ దగ్గర 298 యువాన్లకి ఆన్‌లైన్లో రూము బుక్ చేసుకున్నాం. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు మూడు పాస్‌పోర్టులూ తీసుకుని తిరగేశాడు, మరగేశాడు. వెలుగులో పెట్టి చూశాడు. ఆఖరికి తన ఫోన్లో ఏదో చెప్పి మాకు చూపించాడు: "విదేశీయులను చేర్చుకోవడం ఇక్కడ సౌకర్యం కాదు." డబ్బు కట్టేశాం కదయ్యా అన్నా అదే స్క్రీను చూపిస్తాడు. అక్కడ విదేశీయులెవరు దిగినా హోటలువాళ్లు వివరాలు పోలీసు సిస్టంలో ఎక్కించాలి. చిన్న హోటళ్లలో చాలామందికి అది ఎలా చేయాలో రాదు, నేర్చుకునే ఓపికా లేదు. చేర్చుకోనన్నందుకు నాకు కోపం లేదు. మా బుకింగ్ తీసుకుని, డబ్బు పట్టుకుని, అర్ధరాత్రి మేం వచ్చేదాకా ఆగి చెప్పారే, అదీ కోపం. బాబాయి పెట్టెమీద కూర్చుని చేగోడీల పొట్లం విప్పాడు. మా బావ నా వంక ఒక చూపు చూశాడు. రూము బుక్ చేసింది నేనే మరి. రెండు వీధులు నడిచి ఇంకో హోటల్లో 520కి దిగాం. ఫెయిర్ రోజుల్లో అక్కడ రేట్లన్నీ అలాగే ఎక్కి కూర్చుంటాయి. మొదటివాళ్ల డబ్బు తొమ్మిది రోజులకి తిరిగొచ్చింది. మీరు వెళ్లే ముందు హోటలుకి "ఇండియా పాస్‌పోర్టు, చేర్చుకుంటారా?" అని చైనా భాషలోనే మెసేజ్ పెట్టి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

ఫెయిర్ సంగతి. పజౌ అనే పేట దగ్గర, క్యాంటన్ ఫెయిర్ అనే పెద్ద ఎగుమతుల ప్రదర్శన జరిగే ఆవరణలోనే. కెసున్ నుంచి ఎనిమిదో లైన్లో మూడో స్టేషను. మార్చి 18 నుంచి 21 దాకా ఇళ్ల ఫర్నిచర్, 28 నుంచి ఆఫీసు ఫర్నిచర్. మాకు ప్రవేశం ఉచితమే, ముందుగా పేర్లు ఇచ్చి పాస్‌పోర్టు చూపిస్తే చాలు. ఎ, బి, సి, డి అని విడివిడి భవనాలు, ఒక్కోదాంట్లో హాలు మీద హాలు. మొదటిరోజు సాయంత్రానికి బావ బూట్లు చేత్తో పట్టుకుని సాక్సులతో నడిచాడు. రెండో రోజు నుంచి హవాయి చెప్పులు.

అక్కడ కొనాలని మాత్రం వెళ్లకండి. ఫ్యాక్టరీవాళ్లు మోడల్‌కి ఒక కంటైనర్ అంటారు. ఏలూరులో ఒకే రకం సోఫా ముప్ఫై ఎవరికి అమ్ముతాం? ఒక వీధిలో నలుగురికి ఒకటే సోఫా ఉంటే అయిదో ఆవిడ మన షాపు మెట్టెక్కదు. పెద్ద పెద్ద స్టాళ్లలో ఫోటోలు కూడా తీయనివ్వరు. ఫెయిర్ ఎందుకంటే కళ్లు తెరుచుకోవడానికి. ఏ రంగు వస్తోంది, ఏ కాలు పోతోంది, ఏది మన ఊరికి రెండేళ్ల తర్వాత చేరుతుంది, అవి తెలుస్తాయి.

బాబాయి చూసే పద్ధతి వేరు. మేం సోఫా మీద కూర్చుని చూస్తాం, ఆయన సోఫా కింద పడుకుని చూస్తాడు. నిజంగానే. నేల మీద తువ్వాలు పరిచి, వెల్లకిలా పడుకుని, అడుగున స్టేపులు కొట్టిన నల్లగుడ్డ మీద చెయ్యి పాముతూ పోతాడు. చట్రంలో చెక్క ఎక్కడ ఉందో, ప్లైవుడ్ ముక్క ఎక్కడ ఇరికించారో, స్ప్రింగులు జానెడుకి ఎన్ని ఉన్నాయో వేళ్లతోనే చెప్పేస్తాడు. ఒక స్టాల్లో ఆయనకి ఒంట్లో బాగోలేదనుకుని సేల్స్ అమ్మాయి పరుగున మంచినీళ్లు తెచ్చింది. ఆయన పడుకునే ఆ నీళ్లు అందుకుని, "ఏవయ్యా, దీనికి వెనకాల తోలు కాదు, రెక్సిన్. కూర్చునే చోటే తోలు" అన్నాడు. అది నిజమే. మన దగ్గర లెదర్ సోఫా అని అమ్మేవాటిలో చాలా మటుకు ఇంతే, వీపూ చెయ్యీ తగిలేచోటే తోలు.

కుర్చీలకి, మంచాలకి మన ఐఎస్ఐ మార్కు ఉందా అని తిరిగిన చోటల్లా అడిగాను. ఆ మార్కు తప్పనిసరి అని ఫిబ్రవరిలోనే మన కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, అమలుకి ఏడాది గడువు పెట్టి. ఒక్కడికీ తెలియదు. ఒకతను యూరప్ సర్టిఫికెట్టు తెచ్చి చూపించి, ఇంతకంటే గొప్పది ఇంకేం కావాలన్నట్టు నవ్వాడు. అసలు తలనొప్పి ఇదే. కంటైనర్ బుక్ చేసే ముందు మీ కస్టమ్స్ ఏజెంటుని అడగండి, నన్ను కాదు.

శుక్రవారం మకాం లెకాంగ్‌కి మార్చాం. ఫోషాన్ నగరంలో షుందే అనే జిల్లా, అందులో ఊరు. రోడ్డు పొడుగునా ఫర్నిచర్ మాళ్లే. లూవ్ర్ అని రాజభవనం లాంటి ఒక మాల్ ఉంది, అందులో ఏసీకి, అత్తరుకి, ధరలకి అన్నిటికీ కలిపి ఒకటే చలి. రోడ్డుకి అవతలివైపున్న మామూలు మాళ్లలో మన స్థాయి సరుకు దొరుకుతుంది. ఇక్కడ రెండు ముక్కలు కొన్నా ఇస్తారు. అన్ని షాపులవీ ఒక గోడౌన్‌కి చేర్చి కంటైనర్ నింపుతారు. హోటలు 260 యువాన్లు, శుభ్రంగా ఉంది, చెప్పుకోవడానికేం లేదు.

ట్రాన్స్‌లేటర్ అమ్మాయి నంబరు హైదరాబాదులో తెలిసిన వ్యాపారి ఇచ్చాడు. రోజుకి 500 యువాన్లు. మంచి ఇంగ్లీషు, మంచి మాట. బావ కోసం వెతికి వెతికి పుల్లటి పెరుగు తెచ్చిపెట్టింది. బాబాయి మెట్లెక్కుతుంటే చెయ్యి అందించేది. అందుకే కాబోలు, ఒక సంగతి కళ్లెదుటే జరుగుతున్నా మాకు ఎక్కలేదు. ప్రతి షాపులోనూ మేం గుమ్మం దాటేలోపే తను ముందు వెళ్లి, రెండు చేతులతో తన కార్డు ఇచ్చి, వాళ్ల భాషలో రెండు ముక్కలు మాట్లాడేది. ఎంత మర్యాదో అనుకున్నాం.

శనివారం సోఫాలు ఖాయం చేశాం. పద్నాలుగు, ఒక్కోటి 4,200. ముప్ఫై శాతం అడ్వాన్సు 17,640 కట్టాం. (అలీపే అనే వాళ్ల పేమెంట్ యాప్‌లో మన కార్డు పెట్టుకుంటే పనిచేసింది గానీ 200 యువాన్లు దాటిన ప్రతి చెల్లింపుకి 3 శాతం కోత. అడ్వాన్సులు బ్యాంకు ద్వారానే పంపండి. వాట్సాప్ కూడా హోటల్ వైఫైలో రాదు, మన సిమ్ముకి రోమింగ్ వేసుకుంటేనే వస్తుంది.)

ఆ సాయంత్రం ఆ అమ్మాయే మమ్మల్ని దాలియాంగ్ తీసుకెళ్లింది, అదీ షుందేలోనే. ఇక్కడ మాత్రం తనకి రుణపడ్డాం. షుందే అంటే చైనాలో తిండికి పేరున్న చోటు. పొద్దున్నే బియ్యప్పిండి ఆవిరి రేకుల్ని చుట్టి సాసు పోసి ఇస్తారు, బావ వాటికి "తడిసిన పూతరేకులు" అని పేరు పెట్టాడు. కానీ దాలియాంగ్‌లో తిన్నది వేరే సంగతి. చిన్న పింగాణీ గిన్నెలో తెల్లగా, పైన సన్నటి ముడతల మీగడ, చెంచా పెడితే వణుకుతోంది. నోట్లో పెట్టుకున్నాక ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. జున్ను! మిరియాలు, యాలకులు లేని జున్ను. గేదెపాలే. ఎలా చేస్తారో ఆ అమ్మాయే చెప్పింది: పాలు కాచి గిన్నెలో పోస్తారు, మీగడ కట్టాక ఒక పక్కన చిల్లు చేసి కింది పాలు వంపేస్తారు, మీగడ గిన్నెకే అంటుకుని ఉంటుంది. ఆ పాలలో పంచదార అదీ కలిపి మళ్లీ అదే చిల్లులోంచి పోస్తే పాత మీగడ పైకి తేలుతుంది. ఆవిరికి ఉడికిస్తే దాని కింద ఇంకో మీగడ. గిన్నె 14 యువాన్లు. బావ రెండు తిన్నాడు, మూడోది చెప్పాడు.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "పంచదార అదీ" అన్నావే, "అదీ" ఏంటి అని ఆ అమ్మాయిని అడిగాను. కోడిగుడ్డు తెల్లసొన. అది శనివారం. ఇరవై ఏళ్లుగా వెంకటేశ్వరస్వామికి మొక్కి శనివారం నీచు ముట్టని మనిషి మా బావ. చెంచా కింద పెట్టాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్, మీ అక్కకి చెప్పావంటే పార్టనర్‌షిప్ రద్దు" అన్నాడు. మూడో గిన్నె బాబాయి తిన్నాడు.

ఆదివారం డైనింగ్ సెట్లు చూశాం. 2,850 దగ్గర బేరం ఆగింది. ఇరవై సెట్లకి అడ్వాన్సు మంగళవారం కడతామని చెప్పి వచ్చాం. సోమవారం మంచాల కోసం తిరగడంతోనే గడిచింది. ఆ రాత్రి బావకి కళ్లజోడు కనపడలేదు. పెట్టెలు బోర్లించాం. ఆ షాపులోనే కేటలాగు చూస్తూ తీసి పెట్టినట్టు గుర్తొచ్చింది.

మంగళవారం పొద్దున్న ఆ అమ్మాయి వచ్చేలోపే తెచ్చేసుకుందామని బావ ఒక్కడే వెళ్లాడు. ఆదివారం నాటి ఆవిడ లేదు, ఇంకో కుర్రాడు ఉన్నాడు. కళ్లజోడు సొరుగులోంచి తీసిచ్చాడు. బావ ఊరికే ఉండే రకం కాదు, అదే టేబుల్ చూపించి ఎంత అన్నట్టు వేళ్లు ఆడించాడు. కుర్రాడు క్యాలిక్యులేటర్ మీద 2,380 కొట్టి చూపించాడు. బావ కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు. ఇరవై కావాలని కాగితం మీద రాసి చూపించినా అదే అంకె. దాన్ని ఫోటో తీసుకుని వచ్చాడు. సెట్టుకి 470 తేడా, ఇరవై సెట్లకి 9,400 యువాన్లు. మన లెక్కలో లక్షా పన్నెండు వేల ఎనిమిది వందలు.

ఫోటో చూపిస్తే ఆ అమ్మాయి మొహంలో కంగారేమీ లేదు. కాళ్లు వేరు, కుర్చీ స్పాంజి వేరు అంది. బాబాయి ఏమీ అనకుండా తువ్వాలు భుజాన వేసుకుని షాపుకి నడిచాడు. టేబుల్ కింద దూరి, అడుగున అంటించిన మోడల్ నంబరు చదివి వినిపించాడు. ఆదివారం నేను రాసుకున్న నంబరే. అప్పుడు చెప్పింది: అందరూ ఇలాగే చేస్తారు, మా కమీషన్ షాపువాళ్లే తర్వాత పంపిస్తారు, 500 రోజుకూలితో ఇక్కడ ఎవరు బతుకుతారు అని. ఆ ఆఖరి మాటలో అబద్ధం లేదనిపించింది, అదే నాకు ఇంకా చిరాకు. ముందే 800 అడిగితే ఇచ్చేవాళ్లం. సోఫాల షాపులో గట్టిగా పట్టుబడితే ఒక్కోదానికి 250 తగ్గించారు. అక్కడ మొత్తం ఎంత ఎక్కించారో ఎవరికి తెలుసు. ఆ సాయంత్రమే తన డబ్బు లెక్క కట్టి పంపించేశాం. బావ మాత్రం పెరుగు తెచ్చిందని వంద యువాన్లు ఎక్కువ ఇచ్చాడు.

కాబట్టి మొదటి రెండు రోజులు ఫోన్లో అనువాదం యాప్ పెట్టుకుని మీరే తిరగండి, ధరలు రాసుకోండి. క్యాలిక్యులేటర్‌కి భాష అక్కర్లేదు. ఆ తర్వాతే మనిషిని పెట్టుకోండి, కమీషన్ లేకుండా ఎంత కావాలో ముందే అడిగి కాస్త ఎక్కువే ఇవ్వండి. షాపులోకి మాత్రం మీరు ముందు నడవండి.

సెట్టు 28,560 రూపాయలకి కొన్నట్టు కనిపిస్తుంది గానీ, ఓడ కిరాయి, కస్టమ్స్ సుంకం, పైన 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ, తర్వాత సర్దుబాటవుతుంది, ముందు కట్టాలిగా), విశాఖ నుంచి లారీ, అన్నీ కలిస్తే మా గుమ్మంలో దిగేసరికి యాభై వేలు దాటింది. కంటైనర్ జూన్ మొదటి వారంలో వచ్చింది, నలభై అడుగులది, అరవై ఎనిమిది ఘనపు మీటర్ల సరుకు. ఆ రాతి పలక మీద పొయ్యి మీంచి దించిన గిన్నె పెట్టినా మచ్చ పడదు, అంచుకి దెబ్బ తగిలితే మాత్రం పెచ్చు ఊడుతుంది. ఇరవైలో రెండు నడిమికి పగిలాయి. బీమా చేయించాం కాబట్టి బతికాం. మూడోదానికి మూల పెచ్చు ఊడింది. సగం ధరకి పెట్టినా ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడది మా బిల్లింగ్ టేబుల్. బావ కళ్లజోడు రోజూ రాత్రి దాని మీదే మర్చిపోయి ఇంటికి వెళ్తుంటాడు.