రాణిగంజ్‌లో స్ప్రింగ్ స్టీల్ కొనేవాళ్ళు జాగ్రత్త, నాకు అంటగట్టింది మామూలు ఇనుము

సరదాకి కొలిమి పెట్టుకుని గొడ్డళ్ళు, కత్తులు చేసుకునేవాళ్ళు ఎవరైనా హైదరాబాద్‌లో స్టీల్ కోసం తిరుగుతుంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నాకు పోయింది డబ్బు ఒక్కటే కాదు, రెండు ఆదివారాల కష్టం.

ఈసారి చిన్న టోమహాక్ చేద్దామనుకున్నాను. ఉత్తర అమెరికా మూలవాసులు వాడిన చేతిగొడ్డలి అది. కామను తల పైనుంచి దూర్చి లాగితే దానంతటదే బిగుసుకుంటుంది, మేకు అక్కర్లేదు. అంచు పదును నిలవాలంటే ఉక్కులో కార్బన్ ఉండాలి కాబట్టి లారీ కమాన్ పట్టీల రకం, అంటే ఈఎన్ 45 అనే గ్రేడు స్ప్రింగ్ స్టీల్ కావాలని రాణిగంజ్‌లో ఒక షాపులో అడిగాను. "సార్, పక్కా కమాన్ పట్టీ మాల్, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి" అన్నాడు. నిగనిగలాడే నల్లరంగు వేసిన మూడు ముక్కలు, రూ. 2,400. బిల్లు మీద మాత్రం గ్రేడు లేకుండా "ఫ్లాట్", అంటే ఉత్త పట్టీ అని రాసి ఊరుకున్నాడు, నేనూ పట్టించుకోలేదు.

కామ దూర్చే కన్నం పొడిచి, సాగదీసి, అంచు పలచన చేసేసరికి రెండు ఆదివారాలు పట్టింది. సుత్తి కింద మరీ తేలిగ్గా సాగుతోందని మొదటి రోజే అనిపించింది, స్ప్రింగ్ స్టీల్ అంత సులభంగా లొంగదు, అక్కడే ఆగాల్సింది. అయస్కాంతం అంటుకోవడం మానేసేదాకా కాల్చి, అది సుమారు 770 డిగ్రీలు, ఇంకాస్త వేడెక్కించి, గోరువెచ్చటి నూనెలో ముంచాను. చల్లారాక అంచు మీద ఆకురాయి పెట్టాను. గట్టిపడిన ఉక్కు మీదైతే అది గాజు మీద జారినట్టు జారిపోవాలి. నాది కరకరా కొరికేసింది, అంచు మీద తెల్లగా మెరిసే గాడి పడింది, వేలికి రజను అంటింది. మళ్ళీ కాల్చి ముంచినా అంతే. చివరికి వేప కొమ్మ మీద నాలుగు దెబ్బలు వేస్తే అంచు పక్కకి మడత పడింది.

తప్పు నాదేమో అన్న టెన్షన్‌తో ఆటోనగర్ నుంచి తెచ్చుకున్న పాత కమాన్ పట్టీ ముక్కనీ, దీన్నీ నీడలో పక్కపక్కనే గ్రైండర్‌కి ఆనించాను. పాతది కాకరపువ్వొత్తిలా కొమ్మలు కొమ్మలుగా చిట్లింది. కొత్తది పొడుగాటి తిన్నని గీతలు, చివర ఎక్కడో ఒకటీ అరా చీలిక, అంతే. అప్పటికీ మనసు ఒప్పక ల్యాబ్‌లో స్పెక్ట్రో టెస్ట్, అంటే ఉక్కులో ఏది ఎంత ఉందో చెప్పే పరీక్ష, చేయిస్తే కార్బన్ 0.17 శాతం వచ్చింది. ఈఎన్ 45లో 0.5 నుంచి 0.6 దాకా ఉండాలి, సిలికాన్ కూడా ఒకటిన్నర శాతం పైనే ఉండాలి. నాకిచ్చింది కిటికీ గ్రిల్లులు చేసుకునే ఇనుము.

రిపోర్టు పట్టుకుని వెళ్తే "కట్ చేసిన మాల్ వాపస్ లేదు సార్, బిల్లులో ఈఎన్ అని ఎక్కడుంది?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

అందుకే చెప్తున్నాను, బిల్లు మీద గ్రేడు రాయనంటే కొనకండి. షాపులోనే గ్రైండర్ అడిగి నిప్పురవ్వలు చూడండి, మీ దగ్గరున్న అసలు ముక్క ఒకటి జేబులో వేసుకెళ్తే పోల్చుకోవడం తేలిక. ఎక్కువ కొనేముందు వేలెడు ముక్క తెచ్చి, కాల్చి నూనెలో ముంచి, గుడ్డ చుట్టి వైస్‌లో బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని సుత్తితో కొట్టండి. అసలుదైతే పుటుక్కున విరుగుతుంది, ఇనుమైతే వంగుతుంది. ఇంకోటి, పాత పట్టీలు అసలువే అయినా బరువు మోసి మోసి సన్నని పగుళ్ళు ఉండొచ్చు, నూనెలో ముంచగానే అవి విచ్చుకోవచ్చు, బాగా తోమి చూసుకోండి. జింక్ పూత ఉన్న ముక్క మాత్రం కొలిమి దగ్గరికే రానివ్వకండి, ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం.

మిగిలిన రెండు ముక్కలు పారేయట్లేదు. పాతకాలంలో చాలా టోమహాక్‌లు మెత్తటి ఇనుమును మడిచి, అంచు దగ్గర ఉక్కు ముక్క పెట్టి అతికించి చేసినవే. ఈసారి అలా చేస్తాను, అంచుకి ఆటోనగర్ ముక్కే పెడతాను.